గ్లెనిస్ కారు, విల్ఫ్ సీటు

విల్ఫ్ అక్‌రాయిడ్ నోట "శనివారానికల్లా అయిపోతుంది" అన్న మాట వచ్చిందంటే, ఓట్లీ ఊళ్లో అతన్ని ఎరిగినవాళ్లెవరూ సంతోషించరు. ఏ శనివారమో అతనికే తెలియదు. వంటింటి అల్మరాకు ఊడిన తలుపు బిగించడానికి పదకొండు నెలలు తీసుకున్నాడు. అలాగని పనిరాని మనిషి అనుకుంటే పొరపాటు. బ్రాడ్‌ఫర్డ్‌లో ఓ రొట్టెల ఫ్యాక్టరీలో ముప్ఫై ఎనిమిదేళ్లు పొయ్యిలు బాగుచేశాడు. గోడకవతల నిలబడి చప్పుడు విని, ఏ బేరింగు పోబోతోందో చెప్పేవాడు. యంత్రం మూలిగితే చెవులు రిక్కించే ఈ పెద్దమనిషి, పెళ్లాం మాట్లాడితే మాత్రం "ఊఁ" అని ఊరుకుంటాడు. ఆ "ఊఁ"తోనే వచ్చింది తంటా అంతా.

పెళ్లాం గ్లెనిస్ ఐదడుగుల మనిషి. ఇరవై తొమ్మిదేళ్లు జిల్లా గ్రంథాలయం వాళ్ల పుస్తకాల వ్యాను నడిపింది. కొండదారులు, మంచు, అడ్డం వచ్చి కదలని గొర్రెలు, అన్నీ చూసింది. పెడల్స్ అందడానికి వీపు వెనక ఒక గళ్ల దిండు పెట్టుకునేది. బతుకంతా ఆ ఏనుగులాంటి వ్యానులో నింపాదిగా తిరిగిన ఆవిడ, రిటైరైన వారానికే సొంత డబ్బుతో ఎర్రటి చిన్న జపాన్ రోడ్‌స్టరు కొనుక్కుంది. రెండే సీట్లు, పైకప్పు మడిచేయొచ్చు. వాన పడుతున్నా మడిచే నడిపేది. ఎవరైనా అడిగితే, "తడిస్తే కరిగిపోతానా ఏంటి" అనేది.

తొమ్మిదేళ్లు తిరిగాక ఆ కారు, రోడ్డెక్కాలంటే ఏటా నెగ్గాల్సిన పరీక్షలో తప్పింది. ఇంజను దివ్యంగా ఉంది, గేర్లు దివ్యంగా ఉన్నాయి. తలుపుల కింద ఇనుము మాత్రం తుప్పుపట్టి, మెకానిక్ ఆనించిన స్క్రూడ్రైవరు లోపలికి దిగిపోయింది. గ్లెనిస్ ఇంటికొచ్చి వరసగా రెండు కప్పుల టీ తాగింది.

ఇలాంటప్పుడే ఊడిపడతాడు విల్ఫ్ స్నేహితుడు కీత్ థ్వెయిట్. లేత్ మిషను ముందు జీవితం గడిపి రిటైరయ్యాడు గానీ, నోటికి రిటైర్మెంటు ఇవ్వలేదు. చంకలో ఏదో కార్ల కంపెనీ వాళ్ల రంగుల పుస్తకం పెట్టుకొచ్చాడు. అందులో ఉన్నది పాతకాలపు పందెం కార్ల తీరులో ఇంట్లోనే కట్టుకునే కిట్ కారు. పొడవాటి ముక్కు, బయటికి పొడుచుకొచ్చిన చక్రాలు, మధ్యలో మనిషి ఒక్కడు పట్టే గుంట. గొట్టాల చట్రమూ, పైన తొడిగే ఫైబర్ డొప్పలూ వాళ్లే పంపుతారు. లోపల పెట్టాల్సిందంతా సరిగ్గా గ్లెనిస్ కారులాంటి కారులోంచే విప్పి తీసుకోవాలి.

విల్ఫ్ ఆ పుస్తకాన్ని మూడు రోజులు దిండు కింద పెట్టుకొని పడుకున్నాడు. నాలుగో రోజు టీబల్ల దగ్గర నసిగాడు.

"గ్లెన్, ఎలాగూ తుక్కుకే పోతుంది కదా అదీ…"

"నా కారును ముక్కలు చేస్తానంటావ్. అంతేగా?"

"ముక్కలు చేసి మళ్లీ కడతా. శనివారానికల్లా…"

"శనివారం మాటెత్తకు. ఇస్తాను. ఒక్క షరతు. తయారయ్యాక ముందు నడిపేది నేను."

"ఊఁ," అన్నాడు విల్ఫ్. అప్పటికే కొలతల టేపు తీసుకొని గరాజ్‌లోకి వెళ్తున్నాడు.

ఇరవై తొమ్మిదేళ్లు పుస్తకాలు అరువిచ్చిన మనిషి నోటిమాట నమ్ముతుందా? గ్లెనిస్ ఒక గ్రంథాలయం చీటీ మీద నాలుగు ముక్కలు రాసి, వెనకే వెళ్లి సంతకం పెట్టమంది. ఆయనగారు కారు కింద పడుకొని, చెయ్యొక్కటే బయటికి చాచి, పార్సెలు అందుకున్నట్టు గీకేశాడు. ఆవిడ దాన్ని ఒక చెక్కపెట్టెలో మొట్టమొదట పెట్టింది.

ఆ పెట్టె సంగతీ చెప్పాలి. కారు విప్పుతుంటే ఇల్లంతా దాని పేగులే. గేరు బాక్సు టమాటా మొక్కల పక్కన, వైర్ల కట్ట మేడమెట్ల మీద, నట్లూ బోల్టులూ జామ్ సీసాల్లో. విల్ఫ్‌కి వదిలేస్తే వాటిని మళ్లీ కలపడం బ్రహ్మతరం కూడా కాదు. గ్లెనిస్ ఒక్కో సీసాకు చీటీ అంటించి, పుస్తకాలకు వేసినట్టు నంబరు వేసి, పెట్టెలో దానికి జోడీ చీటీ రాసి పెట్టింది. ఆవిడ లెక్కలో స్టీరింగు సామాను యాత్రల కింద, బ్రేకులు తత్వశాస్త్రం కింద.

"బ్రేకులు తత్వమేంటి తల్లీ?" అన్నాడు కీత్.

"పడతాయో లేదో అని ఆలోచింపజేసేవి కదా," అంది గ్లెనిస్.

అలా రెండు చలికాలాలు గడిచాయి. చట్రంలో ఇంజను కూర్చుంది, చక్రాలెక్కాయి, ముక్కు బిగిసింది. విల్ఫ్ కూర్చుని చూసుకుంటూ స్టీరింగు తన చేతికి, పెడల్స్ తన కాళ్లకు అందేలా అమర్చాడు. ఆరడుగుల రెండంగుళాల మనిషి. పెడల్స్ బిగించడానికి చట్రంలో మూడు వరసల కన్నాలున్నాయి. అతను అన్నిటికన్నా దూరపు వరసలో బిగించాడు. ఒకరోజు పొద్దున్నే వచ్చేసరికి కారులో పాత గళ్ల దిండు ఒకటి కనబడింది. పిల్లి పనేనని తిట్టుకొని బల్ల మీదికి విసిరేశాడు. పిల్లి దిండెలా మోసుకొస్తుందని బుర్రకు తట్టొద్దూ?

మిగిలింది సీటు. పందెం బళ్ల వాళ్ల పద్ధతి ఒకటుంది. చెత్తకు వాడే పెద్ద ప్లాస్టిక్ సంచిని గుంటలో పరిచి, రెండు రసాయన ద్రవాలు కలిపి అందులో పోసి, నడిపే మనిషి ఇంకో సంచిలో దిగి దాని మీద కూర్చోవాలి. నురగ పొంగి, ఒంటి వంపులన్నీ పట్టుకొని గట్టిపడుతుంది. ఆ సీటు లోకంలో ఆ ఒక్క మనిషికే సరిపోతుంది.

కీత్ బకెట్లో కలిపి పోశాడు. విల్ఫ్ కూర్చున్నాడు. నురగ నడుము చుట్టూ, తొడల చుట్టూ బుసబుసా పొంగుతోంది.

"కీత్, వేడెక్కుతోందిరా."

"కదిలావంటే నీ పిర్ర వంకరగా అచ్చుపడుద్ది. జన్మంతా దాని మీదే కూర్చోవాలి. టీ కావాలా?"

"నా చేతులు సంచిలో ఉన్నాయి."

"అయితే నేను తాగుతా," అని కీత్ విల్ఫ్ కప్పే తీసుకున్నాడు.

అప్పుడే గ్లెనిస్ వచ్చింది. నల్ల సంచిలో మెడదాకా దిగబడ్డ మొగుణ్ని పైనుంచి కిందికి చూసింది. నవ్వలేదు.

"నా వంతెప్పుడు?"

"ఊఁ," అన్నాడు విల్ఫ్.

గ్లెనిస్ వెనక్కి తిరిగింది. తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. అంత నెమ్మదిగా వేసిన తలుపు కన్నా దడేలుమన్న తలుపే నయం.

"ఒరే, ఆవిడ ఏమందో విన్నావా?" అన్నాడు కీత్.

"సీటు మూడో వంతు అయ్యిందా అంది కాబోలు."

"నీకు బేరింగులే మాట్లాడాలిరా," అన్నాడు కీత్.

ఆ మర్నాటి నుంచి జామ్ సీసాలకు చీటీలు ఆగిపోయాయి. పేచీ లేదు, మూతి విరుపు లేదు, భోజనం వేళకు భోజనం. చీటీలు మాత్రం లేవు. ఒక వాషరు కోసం విల్ఫ్ పూటంతా వెతికి, చివరికి చక్కెర డబ్బాలో పట్టుకున్నాడు. ఏదో తేడా కొట్టింది గానీ, అదేమిటో అడిగే ధైర్యం చాల్లేదు.

వసంతంలో, ఇంట్లో కట్టిన కార్లకు చేసే ప్రభుత్వ పరీక్ష అయింది. ఎక్కడ పదునైన అంచుందా అని పరీక్షాధికారి ఒక బంతిలాంటి పనిముట్టు పట్టుకొని అంగుళం అంగుళం దొర్లించి చూశాడు. అందుకు భయపడి విల్ఫ్ ప్రతి బోల్టుకూ ప్లాస్టిక్ టోపీ తొడిగాడు. కారు పాసయింది. దాన్ని అద్దె వ్యానులో ఎక్కించుకొని ఇంటికి తెస్తూ విల్ఫ్ దారంతా ఈల వేశాడు. జూన్ రెండో శనివారం పాతకార్ల క్లబ్బు వాళ్లు కొండదారి మూసి, కార్లను ఒక్కొక్కటిగా పైకి ఎక్కించే పండగ ఉంది. అక్కడే మొదటిసారి నడపాలని ముహూర్తం పెట్టుకున్నాడు.

పండగకు వారం ముందు కీత్ ఆ కార్ల జాబితా పట్టుకొని గరాజ్‌కు వచ్చాడు.

"ఇరవై ఏడో నంబరు. డ్రైవరు జి. అక్‌రాయిడ్. నువ్వు పేరెప్పుడు మార్చుకున్నావోయ్?"

"అచ్చుతప్పు అయ్యుంటుంది. కాగితం నింపి పంపింది గ్లెనిసే."

"ఆవిడ చేతిరాతలో తప్పా?" అన్నాడు కీత్.

కీత్ వెళ్లాక, మడ్‌గార్డు నట్లు ఏ సీసాలో ఉన్నాయో చూద్దామని విల్ఫ్ చెక్కపెట్టె తెరిచాడు. మొట్టమొదటి చీటీ చేతికొచ్చింది. నంబరు ఒకటి. "ఈ కారును ముందుగా నడిపేది గ్లెనిస్." కింద తన సంతకం, గ్రీజు వేలిముద్రతో సహా.

విల్ఫ్ స్టూలు మీద కూలబడ్డాడు. గళ్ల దిండు గుర్తొచ్చింది. అంటే ఆవిడ ఒక్కతే వచ్చి, దిండు పెట్టుకుని కూర్చుని, కాళ్లు చాచి చూసింది. అందలేదు. జానెడు తక్కువ. ఆవిడ కారు తీసుకుని, ఆవిడకిచ్చిన మాట మరిచి, చివరికి ఆవిడ కూర్చునే చోటు కూడా లేకుండా చేశాడు తను. అతనికి ఏడుపు రావడం అరుదు. ఆవేళ వచ్చింది.

ఏడ్చాక పని మొదలెట్టాడు. రిటైరైనప్పుడు ఫ్యాక్టరీ వాళ్లు పేరు చెక్కించి ఇచ్చిన పొడుగాటి రొట్టెల కత్తి గోడకు వేలాడుతోంది. అది దింపి, తన ఒంటి అచ్చున్న సీటును నాలుగు ముక్కలు కోసి, చెత్తబుట్టలో పారేశాడు. పెడల్స్ విప్పి దగ్గరి వరసలో బిగించాడు. స్టీరింగు కిందికి దించాడు. మూడు రోజులు పట్టింది. ఈసారి ఏ శనివారమో అతనికి బాగా తెలుసు.

గురువారం పొద్దున కొత్త ప్లాస్టిక్ సంచి పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"గ్లెన్, నీ వంతు."

ఆవిడ సంచి వంకా, అతని కళ్ల వంకా చూసింది. "ఎవరు చెప్పారు?"

"నా సంతకమే చెప్పింది."

గ్లెనిస్ ఒక నవలా, కళ్లజోడూ పట్టుకుని సంచిలో దిగింది. నురగ పొంగుతుంటే పేజీలు తిప్పుతూ కూర్చుంది.

"వేడిగా ఉందా?" అన్నాడు.

"వ్యానులో హీటరు పాడైన చలికాలాలు తలుచుకుంటే హాయిగా ఉంది." ఒక పేజీ తిప్పి, "మరి నువ్వెక్కడ కూర్చుంటావ్?" అంది.

"ఇందులో ఒకటే సీటు."

"ఆ సంగతి పుస్తకం చూసిన రోజే నాకు తెలుసు," అంది గ్లెనిస్, చదవడం ఆపకుండా.

శనివారం సన్నగా జల్లు. గ్లెనిస్ పాత వ్యాను కోటు వేసుకుని, తలకు హెల్మెటు పెట్టుకుని ఇరవై ఏడో నంబరులో కూర్చుంది. కింద గోడ పక్కన విల్ఫ్, కీత్ నిలబడ్డారు. జెండా ఊపారు. కారు ఒక్క ఊపున వెళ్లింది. మొదటి మలుపులో తోక కాస్త జారింది. విల్ఫ్ గుండె జారింది. ఆవిడ మాత్రం స్టీరింగు ఇంత తిప్పి సర్దుకుని పోయింది. ఇరవై తొమ్మిదేళ్లు మంచులో వ్యాను తోలిన చేతులవి.

తర్వాత చెట్ల మాటునుంచి చప్పుడొక్కటే వచ్చింది. రెండేళ్లు ఆ కారు లోపల తల దూర్చిన మనిషి, దాన్ని దూరం నుంచి వినడం ఇదే మొదలు. విల్ఫ్ కళ్లు మూసుకుని విన్నాడు. లోపల తనుంటే ఈ చప్పుడు వినేవాడే కాదు.

"ఏడుస్తున్నావా?" అన్నాడు కీత్.

"వాన," అన్నాడు విల్ఫ్.

గ్లెనిస్ దిగొచ్చింది. ముఖమంతా బురద చుక్కలు, పళ్లన్నీ కనబడుతున్నాయి. "రెండో గేరు కాస్త మొరాయిస్తోంది. తత్వశాస్త్రం బ్రహ్మాండంగా పట్టింది," అంది.

ఆ సాయంత్రం గరాజ్‌లో బల్ల మీద విల్ఫ్‌కు ఒక వింత కనబడింది. తను చెత్తబుట్టలో పారేసిన సీటు ముక్కలు నాలుగూ, వెడల్పాటి టేపుతో అతికి, ఒక్కటై కూర్చున్నాయి. ఒక్కోదానికి చీటీ. వీపు. కుడి తొడ. ఎడమ తొడ. నాలుగోదాని మీద ఏం రాసిందో మర్యాదకొద్దీ చెప్పడం లేదు.

"పెడల్స్ జరపడానికెంతసేపు?" అంది గ్లెనిస్ వెనక నుంచి.

"అరగంట."

"సరే అయితే." ఆవిడ కోటు జేబులోంచి ఒక చీటీ, గ్రంథాలయం రోజులనాటి తేదీ ముద్రా తీసింది. టపీమని ముద్ర వేసి అతని ముందు పెట్టింది. "ఇరవై ఏడో నంబరు కారు. యజమాని: గ్లెనిస్ అక్‌రాయిడ్. అరువు తీసుకున్నవారు: విల్ఫ్ అక్‌రాయిడ్. మూడు వారాల్లో తిరిగి ఇవ్వవలెను."

విల్ఫ్ జేబులు తడుముకుని కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. చీటీని దీపం కిందికి జరుపుకుని, పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివాడు. అప్పుడు సంతకం పెట్టాడు.