మా క్యాంపు పొన్నయ్య

మొన్న బీపీ చీటీ పట్టుకుని జగిత్యాల ఆసుపత్రిలో బెంచీ మీద కూర్చున్నాను. లోపలి నుంచి నర్సమ్మ "పొన్నయ్య ఎవరు?" అని కేక వేసింది. నా పక్కనున్న ముసలాయన పంచె సర్దుకుంటూ లేచి వెళ్ళాడు. తాతదో ముత్తాతదో పేరు ముచ్చటగా పెట్టుకుని ఉంటారు. ఆ తర్వాత నన్నూ పిలిచారట, నేను వినలేదు. అప్పటికే నేను బహ్రెయిన్‌లో, మామీర్ క్యాంపు వంటగది ముందు పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను.

అవి తొంభైల నాటి రోజులు. ఇంటి దగ్గర వాళ్ళకు అదీ దుబాయే. బహ్రెయిన్ అన్న మాట మా అమ్మకు చివరిదాకా నోరు తిరగలేదు. నన్ను తీసుకుపోయింది మా మేనమామ. ఆయన ఫిట్టర్, నేను స్టోర్‌లో సామాన్ లెక్క చూసేవాణ్ణి. చుట్టూ ఫ్యాక్టరీలు కావడంతో గాలి తిరిగినప్పుడల్లా కుళ్ళిన గుడ్ల వాసన వచ్చేది. కొత్తగా వచ్చినవాళ్ళు వంటవాణ్ణి అనుమానించి ఆ పూట గుడ్డుకూర ముట్టేవాళ్ళు కాదు. పాపం, ఆ వంటవాడు గుడ్డును దీపానికి అడ్డం పట్టి చూసి గాని పగలగొట్టడు. సింహళం మనిషి, నలభై ఏళ్ళుంటాయి. లుంగీ మీద ఉతికిన తెల్ల బనీను, చెవి మీదుగా దువ్విన జుట్టు. కొబ్బరి, ఎండుచేప, మిరపకాయలు కలిపి దంచిన పచ్చడి వాళ్ళవాళ్ళకు. మా మామ దగ్గర నేర్చుకున్న చింతపండు చారు మాకు. నడకలో, చేతులు తిప్పడంలో ఒక ఒయ్యారం ఉండేది. వాళ్ళ దేశపు వెల్డర్లు అతన్ని పొన్నయా అనేవాళ్ళు. మేము పొన్నయ్య అన్నాం. పొన్నయ్యా, ఇంత అన్నం పెట్టు. పొన్నయ్యన్నా, చారు అదిరింది. అతను ఓ క్షణం మా మొహాల్లోకి చూసి, నవ్వి, వడ్డించేవాడు.

సింహళం మాటలతో మాకు ఇలాంటి తికమకలు మామూలే. నన్ను ఒక వెల్డరు "మల్లీ" అని పిలిస్తే, మళ్ళీ ఏమిటోనని నేను ఎదురుచూసేవాణ్ణి. మల్లీ అంటే తమ్ముడట. ఆ వెల్డరే ఒకరోజు స్టోర్‌లో రాడ్లు తీసుకుంటూ, మీ తెలుగువాళ్ళు అతన్ని ఏమని పిలుస్తున్నారో తెలుసా అని పడిపడి నవ్వాడు. అది పేరు కాదు, తిట్టు. ఆడంగివాడు, మగవాళ్ళతో పోయేవాడు అని అర్థం. మా ఊళ్ళో ఆ అర్థానికి ఉన్న తిట్టు ఇక్కడ రాయను. అది ఇంత మెత్తగా కూడా వినిపించదు.

మామకు చెప్పాను. ఆయన లేచి నేరుగా వంటగదికి నడిచాడు, వెనక నేను. "భాయ్, నీ అసలు పేరేంది? గా మాటకు మాకు అర్థం తెల్వకుండె," అన్నాడు. అతను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నవాడు తలెత్తకుండానే పేరు చెప్పాడు. పొడుగాటి, అందమైన పేరు. తర్వాత క్యాంపు హిందీలో అన్నాడు: "వాళ్ళ నోట్లో అది రాయి. మీరు చివర్న అయ్య అంటారు. మా భాషలో అయ్య అంటే అన్న. మీరు పిలిస్తే నొప్పి లేదు." మామ ఆ రోజు నుంచి భాయ్ అనే పిలిచాడు. మిగతావాళ్ళకు పాత పిలుపే.

మా గదిలో పక్క మంచం మీద నాకు వరుసకు బావ అయ్యే మనిషి ఉండేవాడు. మా పక్క ఊరే, గ్యాస్ కటింగ్ పని. పెళ్ళయిన ఏడాదికే వచ్చాడు. శుక్రవారాలు వంటగదిలో చేరి ఉల్లిగడ్డలు కోసేవాడు. వేయించిన చేప ముక్క కోసమని మేము ఆటపట్టించేవాళ్ళం. అతను కాదనేవాడు కాదు.

ఒక ఎండాకాలం వంటవాడు చిక్కిపోసాగాడు. వదలని దగ్గు, నాలుక మీద తెల్లటి పూత. క్లినిక్‌లో దగ్గు మందు ఇచ్చి పంపారు. వీసా రెన్యువల్ రక్తపరీక్షకు నలుగురితో పాటే వెళ్ళాడు. అందరి కాగితాలూ వచ్చాయి, అతనిది రాలేదు. ఒక మధ్యాహ్నం పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా కంపెనీ వ్యాన్ వచ్చింది. దిగినవాడు చేతికి తొడుగు వేసుకుని ఉన్నాడు. యల్లా, ఖలాస్ అన్నాడు, నడు, ఇక్కడితో అయిపోయింది అని. మామ ఒక్కడే వెళ్ళి బట్టల సంచీ అందించాడు. వ్యాన్ ఎక్కబోతూ అతను మామ చెవిలో ఏదో చెప్పాడు.

అతని పరుపు కాల్చేశారు. గిన్నెలు బయట పారేశారు. అతని చేతి అన్నం తిన్నామని కొందరు డెట్టాల్ నీళ్ళతో నోరు పుక్కిలించారు. వెల్డర్లు తమ భాషలో దాన్ని సమాజ రోగం అన్నారు. మనవాళ్ళు సుఖరోగం అన్నారు. "ఏం సుఖపడ్డడురా వాడు," అన్నాడు మామ. అన్నం వల్ల అది రాదని చెప్పడానికి ఏ డాక్టరూ మా క్యాంపుకు రాలేదు. మరి ఎలా వస్తుందని ఎవరూ అడగలేదు. అడిగితే అడిగినవాడి మీదే చూపులు పడతాయి.

ఆ శుక్రవారం మామ నన్నూ బావనూ నీళ్ళ ట్యాంకు వెనక్కి తీసుకుపోయాడు. వంటవాడు చెవిలో చెప్పిన మాట అక్కడ బయటపడింది.

"నెత్తురు పరీక్ష చేయించుకో. నీకోసం గాదు, ఇంటికాడ నిన్ను చేసుకున్న పిల్ల ఉన్నది," అన్నాడు మామ బావతో.

బావ మొహం నల్లబడింది. "నన్ను గూడ పొన్నయ్యను జేస్తున్నవా మామా?"

ఆ మాట తెలుగు నోట తిట్టుగా రావడం నేను అదే మొదటిసారి విన్నాను. ఆ రోగం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, అసలు బావకు వచ్చిందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు. తన రెన్యువల్ పరీక్ష రాకముందే అతను వీసా క్యాన్సిల్ చేయించుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

మామ సెలవు మీద వెళ్ళినప్పుడు బావ వాళ్ళ ఊరు పోయాడు. బావ పొలానికి వెళ్ళాడట. భార్య, నాకు వరుసకు అక్క, అరుగు మీద బీడీలు చుడుతూ ఉంది. చాయ్ పెట్టి ఇచ్చింది. మామ చాలాసేపు కూర్చుని చివరికి, "బిడ్డా, కరీంనగర్ పోయి ఓసారి నెత్తురు పరీక్ష చేయించుకో," అన్నాడు.

"నాకేమైంది మామా? మంచిగనే ఉన్న గదా," అంది ఆమె.

ఇంకేం చెప్పాలి? ఆడపిల్ల ముందు ఆ సంగతి ఎత్తడానికి ఆయన దగ్గర ఉన్నవన్నీ బూతులే. మర్యాదైన మాట ఒక్కటీ లేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాడు. తిరిగి వచ్చాక నాకు ఇది చెబుతూ, ఆమె వేళ్ళు బీడీ చుట్టడం ఒక్కసారి కూడా ఆపలేదని అన్నాడు.

బావ టీబీతో పోయాడన్నారు. దుబాయి గాలి పడలేదన్నారు. ఆ తర్వాతి వానాకాలం అక్క కూడా పోయింది. ఆమెకు ఏ గాలి పడలేదో ఎవరూ అనలేదు. వంటవాడు ఊరు చేరి ఎక్కువ రోజులు బతకలేదని ఆ వెల్డరే సెలవు నుంచి వచ్చి చెప్పాడు. చెబుతున్నప్పుడు అతని అసలు పేరుతోనే చెప్పాడు.

మామ ముసలితనంలో నన్ను తరచుగా ఒకటే అడిగేవాడు, ఇప్పుడు దానికి గోలీలున్నాయట కదా, నిజమేనా అని. నిజమే మామా, వేసుకుంటే ముసలివాళ్ళయ్యేదాకా బతుకుతారట అనేవాణ్ణి. ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. కాలం అన్నిటికీ మందు తెస్తుందంటారు. నిజంగానే తెచ్చింది, ఆ ముగ్గురూ పోయాక తెచ్చింది.