నేను చెరిపేసిన గుర్తు

పద్మారావు నగర్‌లో ఉంటూ జూనియర్ టెన్నిస్ ఆడే రోజులవి. ఆ మ్యాచ్‌లలో మన వైపు పడ్డ బంతి లోపలో బయటో మనమే చెప్పాలి; గీతను తాకినా లోపలే లెక్క. సికింద్రాబాద్‌లో ఫైనల్. ఇంకొక్క పాయింటు వస్తే గెలుపు నాదే. యాప్రాల్ నుంచి వచ్చే నా స్నేహితురాలు సునీత కొట్టిన బంతి సరిగ్గా గీత మీద పడింది. "అవుట్!" అని అరిచాను. ఆమె వచ్చేలోగా ఎర్రమట్టిలో దాని గుర్తును బూటుతో చెరిపేశాను.

"మంచిగ చూసినవానే?" అంది.

"చూసిన."

"నువ్వు చెప్తున్నవ్ గదా, అవుటే అయ్యుంటది" అని చెయ్యి కలిపింది.

ఆ గెలుపుతో మొదలుపెట్టి ప్రొఫెషనల్ పోటీల దాకా వెళ్లాను. అక్కడ గీతలు చూడటానికి వేరే మనుషులుంటారు, నా మాట ఎవరికీ అక్కర్లేదు. సునీత ఆ ఏడాదే ఆట మానేసింది.

సునీతా, ఆ బంతి లోపలే పడ్డదే.