జీపు మేస్త్రి కట్టిచ్చిన మూట

మా జీపు మేస్త్రి చనిపోయిన సంగతి నాకు ఉప్పు కొనడానికి వచ్చిన మనిషి చెప్పాడు. సోమవారం పొద్దున, అప్పుడే దుకాణం తెరిచి అగరొత్తులు వెలిగిస్తున్నాను. "నీకు ఎరుకలేదా సేటూ? శనివారం పానం పోయింది. నిన్న ప్రార్థన అయినంక మట్టి చేసిండ్రు" అన్నాడు. నాకు ఎవరూ కబురు పెట్టలేదు. ఎందుకు పెడతారు? కబురు పెట్టదగిన పని నేనేం చేశాను గనక.

ఈ నాలుగు మాటలు ఆయన్ని పొగడడానికి రాయడం లేదు. పొగిడే అర్హత నాకు లేదు. ఆయన మీద ఈ వరంగల్ బజారులో ఒక అబద్ధం పుట్టింది. పుట్టించింది నేనే, పెంచిందీ నేనే. చదివేవాళ్లు నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి గానీ, చివరిదాకా చదివి తిట్టండి.

డెబ్బయ్యవ దశకం మొదట్లో నేనొక మిలిటరీ జీపును వేలంలో కొన్నాను. ఏటూరునాగారం వైపు చిన్న దుకాణాలకు ఉప్పు, పసుపు, సబ్బులు చేరవేసే వ్యాపారం మాది. ఆ రోజుల్లో ములుగు దాటితే రోడ్డు పేరుకే రోడ్డు. వానాకాలం వస్తే వాగేదో, దారేదో తెలిసేది కాదు. నాలుగు చక్రాలూ లాగే బండి ఉంటే తప్ప పని కాదని అందరూ అంటే కొన్నాను. కొన్నాక తెలిసింది, అలిగే అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకున్నానని. ఎండాకాలం పెట్రోలు పైపులోనే ఆవిరై ఆగిపోయేది, తడిగుడ్డ చుట్టి బతిమాలాలి. చలికాలం పొద్దున హ్యాండిల్ తిప్పీ తిప్పీ భుజాలు పడిపోయేవి. వాగులో తడిస్తే బ్రేకు పట్టేది కాదు. "అది నిన్ను మోస్తాందా, నువ్వే దాన్ని మోస్తానవా?" అనేది మా ఆవిడ.

ఆ జీపును దారికి తెచ్చింది మేస్త్రి. హన్మకొండ పోయే తోవలో ఆయనకు ఒక రేకుల షెడ్డు ఉండేది. నాకన్నా పదేళ్లు పెద్ద. క్రైస్తవుడు. ఆదివారం షెడ్డు తెరిచేవాడు కాదు, సాక్షాత్తు కలెక్టరు జీపు వచ్చి నిలబడ్డా సరే. మిగతా ఆరు రోజులూ నూనె మరకల ఖాకీ చొక్కా, ఆదివారం మాత్రం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజనుకు, ఇంకో కొస చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. అప్పుడు పక్కన ఎవరన్నా నోరు విప్పితే అయిపోయారన్నమాటే. "జర ఊకో సేటూ, అది చెప్తాంది" అనేవాడు. "బండి అబద్ధమాడది. నడిపెటోడు ఆడ్తడు." ఆ మాటకు షెడ్డులో అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

ఒకసారి ఏటూరునాగారం ఇవతల, అడవి మధ్యలో రేడియేటర్ కారిపోయింది. వరంగల్ పోయే బస్సు డ్రైవర్‌తో కబురు పంపితే, మర్నాడు మధ్యాహ్నానికి చేతిసంచితో మేస్త్రి బస్సు దిగాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "పసుపున్నదా సేటూ?" అన్నాడు.

"బస్తా ఉన్నది. ఎందుకు, దెబ్బ తాకిందా?"

"నీ బండికి తాకింది."

రెండు పిడికిళ్ల పసుపు రేడియేటర్‌లో వేసి, నీళ్లు నింపి ఇంజను నడిపించాడు. కాసేపటికి కారడం ఆగింది. "మందు నీ బస్తాలనే పెట్టుకొని నన్ను బస్సెక్కించినవ్!" అని పడీపడీ నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఉక్రోషం వచ్చింది గానీ, పసుపు అమ్మేవాణ్ణి అయ్యుండి ఏమనను?

తిరుగు ప్రయాణంలో నాకు పాఠం చెప్పాడు. జీపులో మామూలు గేరు పక్కన ఇంకో లివర్ ఉంటుంది. అది వేస్తే ముందు చక్రాలు కూడా లాగుతాయి. బురదలో, ఇసుకలో అది లేకపోతే గతి లేదు. కానీ గట్టి తారు రోడ్డు మీద అది వేసుకొని నడిపితే ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదాన్నొకటి గుంజుకుని, లోపల గేరు చక్రం పళ్లు విరుగుతాయి. "వాగు దాటంగనే లివర్ వెనకకు గుంజాలె సేటూ. తాకత్ బురదల చూపియ్యి. మంచి తొవ్వ మీద చూపిస్తే నిన్ను నువ్వే ఇరగ్గొట్టుకుంటవ్." నా బుర్ర మీద నమ్మకం లేక కాబోలు, ఆ లివర్ పక్కన రేకు మీద ఎర్ర రంగుతో 'బురదలనే' అని రాశాడు.

ఆయనకు ఇంకొక అలవాటు ఉండేది. కొత్త సామాను వేసినప్పుడల్లా, విప్పిన పాతదాన్ని శుభ్రంగా తుడిచి, గుడ్డలో మూటగట్టి, తీగ చుట్టి మన బండిలోనే పెట్టేవాడు. "ఈ పాత ఇనుము నేనేం చేసుకోను మేస్త్రీ?" అంటే వినేవాడు కాదు. "నీ సామాను నీ ఇంట్లనే ఉండాలె. మా పనిల ఒక్క మాటకే భయం, సామాను మార్చిండని. ఆ మాట పడ్డంక మెకానిక్ బతికున్నా సచ్చినట్టే" అనేవాడు. మా గోదాములో ఒక మూలంతా ఆ మూటలే.

సరిగ్గా ఆ మాటే నేను ఆయన్ని అన్నాను.

ఒక వానాకాలం మా బావమరిది హైదరాబాద్ నుంచి వచ్చాడు. కొత్తగా స్కూటరు కొన్నాడు. వచ్చిన దగ్గర్నుంచీ దాని గొప్పలే. నా బండి సంగతేమిటో చూపిద్దామని జీపులో ఏటూరునాగారం తీసుకుపోయాను. తిరిగి వస్తూ రెండు వాగులు దాటించాను. "బావా, ఇది మామూలు బండి కాదు!" అని వాడు అంటుంటే నాకు ఒళ్లు తెలియలేదు. ములుగులో తారు రోడ్డు ఎక్కాం. లివర్ వెనక్కి లాగాలి. లాగలేదు. మరిచిపోయి కాదు, ఎర్ర అక్షరాలు కంటికి కనబడుతూనే ఉన్నాయి. "మేస్త్రిది ఉత్త భయం. రెండు చక్రాలకన్నా నాలుగు చక్రాల బలం ఎక్కువే గదా" అని వాడితో నేనే అన్నాను. దారిపొడుగునా స్టీరింగ్ బిగుసుకుంటూనే ఉంది. హన్మకొండ చౌరస్తాలో మలుపు తిప్పుతుంటే అడుగున ఫటేల్మని పగిలింది. బండి నడిరోడ్డు మీద నిలబడిపోయింది.

వెనకాల బస్సు హారను. రిక్షావాళ్ల కేకలు. తెలిసిన ముఖాలు పది. "ఏమైంది బావా?" అన్నాడు బావమరిది. వాడి పెదాల మీద చిన్న నవ్వు. ఆ నవ్వు చూసి నా నోట్లోంచి వచ్చేసింది: "పోయిన నెల మేస్త్రి విప్పిండు. మంచి సామాను తీసుకొని పాతది పెట్టినట్టున్నడు." చుట్టూ ఉన్నవాళ్లంతా విన్నారు. వాళ్లలో ఇద్దరికి సొంత జీపులున్నాయి.

వేరే దిక్కు లేక ఆ మేస్త్రి షెడ్డుకే బండిని తోయించాను. ఆయన కిందికి దూరి, అడుగున గేరు పెట్టె విప్పి చూసి, బయటికి వచ్చాడు. "లివర్ గుంజలేదా సేటూ?" అని మెల్లగా అడిగాడు.

"గుంజిన" అన్నాను.

ఆయన బండిలోకి చూశాడు. లివర్ ఇంకా ముందుకే ఉంది. నేనూ చూశాను. ఆయన మళ్లీ బండి కిందికి దూరాడు. నాలుగో రోజున బండి సిద్ధమైంది. అప్పటికే నా మాట బజారంతా తిరిగి ఆయన చెవిని చేరింది. అయినా ఎప్పటిలాగే మూట కట్టి నా చేతిలో పెట్టాడు. "ఇది పారెయ్యకు సేటూ" అన్నాడు. అంతే. ఆ మూటను గోదాములో అన్నింటికన్నా అడుగున పెట్టాను.

నెల తర్వాత ఒక శనివారం సాయంత్రం, దుకాణం నిండా జనం ఉన్న వేళ, ఆయన వచ్చాడు. శనివారమైనా తెల్లచొక్కా వేసుకున్నాడు. వాళ్ల చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆదివారాన్ని 'బల్ల' అంటారు. "సేటూ, రేపు మాకు బల్ల. మనసుల కోపం పెట్టుకొని బల్లకాడికి పోవద్దు మేము. నాకు నీ మీద మస్తు కోపమొచ్చింది. నెల దినాల సంది నిన్ను తిట్టుకుంటాన. మాఫ్ చెయ్యి" అని చేతులు జోడించాడు.

నేను అనాల్సింది ఒకటే: "తప్పు నాది మేస్త్రీ." అంతే, మూడు మాటలు. చెప్పి ఉంటే అక్కడితో అయిపోయేది. నేను ఏమన్నానో తెలుసా? "పోనీలే మేస్త్రీ, అయిందేదో అయింది. మాఫ్ చేసిన" అన్నాను. పైగా చాయ్ తెప్పించాను! ఆయన సాసర్‌లో పోసుకుని, నిలబడే తాగి వెళ్లిపోయాడు. తన మనసులోని కోపానికి ఆయన క్షమాపణ అడిగితే, చూసినవాళ్లకు అది దొంగతనం ఒప్పుకున్నట్టు కనబడింది. "చూసినవా సేటూ, తనంతల తానే ఒప్పుకున్నడు" అన్నాడొకడు. నేను కాదనలేదు. తల వంచుకుని మిరపకాయలు తూకం వేశాను. థూ, నా బతుకు!

ఆ తర్వాత జీపులవాళ్లు ఒక్కొక్కరే ఆయన షెడ్డుకు పోవడం మానేశారు. అడవి దారుల జీపులను అంత బాగా తెలిసిన మనిషి, మిగతా బతుకంతా పొలాల నీళ్ల ఇంజన్లు, స్కూటర్లు బాగుచేసుకుంటూ గడిపాడు. నాకూ ముఖం చెల్లక బండిని ఇంకోచోట ఇచ్చేవాణ్ణి. ఆ ఇంకోచోట నా జీపు పడ్డ పాట్లు చెప్పను, నాకు తగిన శాస్తే. దారిలో ఎదురైతే మేస్త్రి ఆగి, "బండి మంచిగున్నదా?" అని అడిగేవాడు. ఎన్నేళ్లయినా బండినే అడిగాడు.

ఆయన పోయాడని విన్న మర్నాడు గోదాములో ఆ మూట వెతికి, మొదటిసారి విప్పాను. గ్రీసు పూసి కట్టాడేమో, ఇన్నేళ్లయినా లోపలి గేరు చక్రానికి తుప్పు పట్టలేదు. విరిగిన మూడు పళ్లనూ నూనెలోంచి ఏరి, వేరే చిన్న గుడ్డలో కట్టి ఉంచాడు. అవి అరిగిన పళ్లు కావు, కొత్త ఇనుము విరిగినచోట తళతళమంటోంది. బండి ఆగిపోవడానికి నెల ముందు ఆయన వేసింది కొత్త సామానే. ఏ మెకానిక్ చూసినా ఒక్క చూపులో చెప్పేస్తాడు. ఆయన నిర్దోషి అని చెప్పే సాక్ష్యం నా ఇంట్లోనే ఉంది. తన పద్ధతి ప్రకారం నా సామాను నాకే ఇచ్చేశాడు మరి.

దాన్ని సంచిలో పెట్టుకుని వాళ్లింటికి పోయాను. ఆయన భార్య గడపలో కూర్చుని ఉంది. "అక్కా" అని మొదలుపెట్టి, ములుగు నుంచి చౌరస్తా దాకా జరిగిందంతా చెప్పాను. ఆమె చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని, విరిగినచోట వేలితో తడుముతూ విన్నది.

"నాకెందుకు చెప్తానవ్ సేటూ? లివర్ ముందట్నే ఉన్నదని ఆయన ఆ దినమే చెప్పిండు."

"మరి ఎవ్వలకు చెప్పలేదేంది అక్కా?"

"నీకు ఎరుకే గద, నువ్వే చెప్తవని చూసిండు."

నాకు ఏడుపు ఆగలేదు. మాఫ్ చెయ్యమన్నాను. ఆమె చక్రాన్ని నా చేతిలో తిరిగి పెట్టింది. "ఇంట్ల ఎవ్వలు ఆయనను దొంగ అనలేదు. బజార్ల అన్నరు. పోయి బజార్ల చెప్పు" అని లోపలికి వెళ్లింది. చాయ్ ఇవ్వలేదు. మంచి పని చేసింది.

ఇప్పుడా చక్రం నా దుకాణంలో, తక్కెడ పక్కనే, కొక్కేనికి వేలాడుతోంది. వచ్చినవాళ్లు "ఇదేంది సేటూ?" అని అడుగుతారు. చెప్తాను.  మాట అంత తేలిగ్గా రాదు, అయినా చెప్తాను. ఆ రోజు చౌరస్తాలో నా మాట విన్న ఇద్దరు జీపులవాళ్లలో ఒకాయన మొన్న వచ్చాడు. అంతా విని, చక్రాన్ని చేత్తో తిప్పి చూశాడు. "ఆయన ఉండంగ చెప్పకపోతివి" అని, కొన్న ఉప్పు కూడా అక్కడే వదిలేసి దుకాణం మెట్లు దిగిపోయాడు. నేను కూర్చునే చోటి నుంచి తలెత్తితే, పళ్లు లేని ఆ ఖాళీ నా ముఖానికి ఎదురుగానే ఉంటుంది.