మస్కట్ పోస్టాఫీసులో విప్పి కుట్టిన పార్శిల్

మొన్న మా కోడలు కొరియర్‌లో వచ్చిన ప్యాకెట్టును కత్తెరతో ఫర్రున కోసి, పై సంచిని అవతల పారేసింది. ఆ చప్పుడు నాకెందుకో గుచ్చుకుంది. మన కాలంలో పార్శిల్ అంటే తెల్లటి ముతకగుడ్డలో కుట్టి, లక్క ముద్రలు వేసిన మూట అని మీకు తెలియనిదా! హిందూపురం పోస్టాఫీసు అరుగు మీద సూదీదారంతో కూర్చొని ఆ మూటలు కుట్టి బతికినవాడు మా నాయన.

నేను మస్కట్‌లో దర్జీ అంగడిలో కుదిరిన కొత్తలో, పెనుకొండ సంబంధం కుదిరి మా చెల్లెలికి నిఖా పెట్టుకున్నారు. సేటు సెలవియ్యనంటే ఇయ్యనన్నాడు. పోలేని అన్న పెళ్ళిబట్టలైనా తన చేత్తో కుట్టి పంపకపోతే ఎట్లా? జరీ అంచుతో ఎర్రపట్టు బట్టలు కుట్టి, నాయన నేర్పినట్టే ముతకగుడ్డలో రెండు వరసలు బిగించి, ఊరేగింపుగా పోయినంత గర్వంగా పోస్టాఫీసుకు పోయాను.

కౌంటరులోని మనిషి మూటను అటూ ఇటూ తిప్పి, లోపల చూడందే తీసుకోను, విప్పమని హిందీలో చెప్పాడు. ఆ దేశంలో తెరిచి తెచ్చి, వాళ్ళు చూశాకే మూయాలట, మనకేం తెలుసు! ఆ సాయంత్రం టపా తప్పితే నిఖాకు అందదు, కౌంటరు మూసే వేళా అయింది. ఏడుపొక్కటే తక్కువ. అంతలోనే పౌరుషం పొడుచుకొచ్చింది. కాలరులోని సూదీదారం తీసి, కుట్లు విప్పి, బట్టలు చూపించి, ఆ గచ్చు మీదే బాసిపట్టు వేసుకొని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాను.

అట్టపెట్టెలకు టేపు చుట్టుకుంటున్నవాళ్ళంతా మూగారు. గుడ్డ మీది అడ్రసు చదివిన ఒకాయన వంగి, "ఏమప్పా, హిందూపురమా? మాది రొద్దం. నీ సూది ఉరుకుతాంటే కండ్లు తిరుగుతాండాయి" అన్నాడు. నేను తలెత్తలేదు. ఆఖరి ముడి వేసి దారం కొరికేసరికి, కౌంటరు మనిషి తలుపు మూయకుండా పట్టుకొని నవ్వుతున్నాడు. ముద్ర ఠపీమని పడింది. ఆ పూట మస్కట్ అంతా నాదే!

పార్శిల్ నిఖాకు ముందే చేరింది, చెల్లెలు ఆ బట్టల్లోనే పెళ్ళికూతురైంది. అందరూ జరీని మెచ్చుకుంటుంటే నాయన మాత్రం పై ముతకగుడ్డ పట్టుకొని, "ఈడ సూడండప్పా, నా కొడుకు చెయ్యి నన్ను దాటిపోయింది" అని చూపించుకుంటూ తిరిగాడట. నా ఎదుట ఎన్నడూ అనని మాట, చెల్లెలు చెబితే తెలిసింది.

ఇప్పుడు రాలేని అన్నలు ఫోన్లోనే పెళ్ళి చూస్తున్నారు, అక్షింతలు పడేటప్పుడు నవ్వుతున్నారు కూడా. సంతోషమే. మా చెల్లెలి నిఖాలో నా ముఖం ఎవరికీ కనబడలేదు. అక్కడికి చేరింది నా చెయ్యి ఒక్కటే. దాన్ని పట్టుకొని నాయన పందిరంతా తిరిగాడు.