బ్యానర్‌లో పట్టని పేరు

మా చిన్నప్పుడు అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో ఉగాది బ్యానర్ మా ఇంట్లోనే తయారయ్యేది... మా అమ్మాయికి కంప్యూటర్ బాగా వచ్చని నాన్న ఊరంతా చెప్పుకున్న ఫలితం! అప్పుడు నేను ఎనిమిదో క్లాసు. నాన్న అక్కడి తెలుగు సంఘానికి సెక్రటరీ.

ఆ ఏడాది ఇంటర్నెట్‌లో నాకొక ఫాంట్ దొరికింది. ఇంగ్లిష్ అక్షరాలే... సంఘం బ్యానర్లలో తెలుగు మాటల్ని కూడా ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాసేవాళ్లం. ఈ ఫాంట్‌లో ఒక్కో అక్షరం ముదురుగా, ఇరుకుగా, ముందుకు వాలి ఉండేది. కొసల్లో తోకలూ వంకీలూ లేవు. అన్నీ కలిసి స్కూల్ బస్సు వెనకాల పరిగెత్తే పిల్లల్లా కనిపించేవి. దాంతో పాటు ఒక చిన్న నోట్ ఉంది... పెద్ద సైజులో, నాలుగైదు మాటలకే వాడండి అని. హోంవర్క్ కూడా నేనంత శ్రద్ధగా చదివి ఎరగను.

అందుకే నా బ్యానర్‌లో మూడే లైన్లు. ఉగాది శుభాకాంక్షలు, పిల్లల నాటిక పేరు, దాని కింద రచన, దర్శకత్వం అంటూ అమ్మ పేరు.

ఆ నాటిక పూర్తిగా అమ్మదే. రెండు నెలల పాటు ప్రతి శనివారం మా గరాజ్‌లో పద్దెనిమిది మంది పిల్లలకు డైలాగులు నేర్పింది. "ఆంటీ, ఐ ఫర్‌గాట్ మళ్లీ!" అని వాళ్లు పకపకా నవ్వుతుంటే, ఓపిగ్గా మొదటినుంచి చెప్పించేది. పాత చీరలు కత్తిరించి బట్టలు కుట్టింది. ఇంత చేసినా సంఘంలో అందరికీ ఆవిడ "సెక్రటరీ గారి మిసెస్".

బ్యానర్ చూడమని పిలిస్తే, పిండి చేతులు పమిటకు తుడుచుకుంటూ వచ్చింది. తన పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుంది. "ఇంత పెద్దగా ఎందుకే?" అంది కానీ, పొయ్యి మీద పప్పు అడుగంటుతున్నా అక్కణ్నుంచి కదల్లేదు.

"ఉంచుతావుగా?" అని మెల్లగా అడిగింది.

"ప్రామిస్ అమ్మా," అన్నాను.

మర్నాడు సాయంత్రం ప్రెసిడెంట్ అంకుల్ వచ్చి నా పక్కనే కుర్చీ వేసుకున్నారు. మన సంఘాల సంగతి తెలిసిందే కదా... కమిటీలో ఒక్కరి పేరు తప్పిపోతే చాలు, వచ్చే ఏడాదికి ఊళ్లో రెండో సంఘం! ఆయన పదకొండు పేర్లు చదివారు, నేను టైప్ చేశాను. నా ఖర్మ కొద్దీ అన్నీ పట్టేశాయి.

"భలే సన్నగా ఉన్నాయమ్మా లెటర్స్! ఇంకో నలుగుర్ని యాడ్ చెయ్, పడతారు," అన్నారు అంకుల్.

అవి ఇరుకుగా ఉన్నది మనుషుల్ని కుక్కడానికి కాదు మహానుభావా, రెండు మాటల్ని ఎంత పెద్దగా వీలైతే అంత పెద్దగా చూపించడానికి! పైకి అనలేక, ఆ నోట్ చదివి వినిపించాను. ఎవరికి పట్టింది? నలుగురూ ఎక్కారు. వాళ్ల వెనకే స్పాన్సర్లు ఎక్కారు. ఉగాది ఒక మూలకు జరిగింది. అదీ చాలక మౌస్ నా చేతిలోంచి లాక్కుని, అక్షరాల్ని రెండు పక్కల నుంచీ ఇంకా నొక్కేశారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

చివరికి ఒక్క పేరుకు చోటు చాలలేదు. ప్రింట్ షాపు మూసే వేళవుతోంది. నాన్న నా వెనక నిలబడి, "అమ్మ పేరు తీసెయ్ తల్లీ. మనింటి మనిషేగా, ఏమీ అనుకోదు," అన్నారు. ఆయన పేరు మాత్రం రెండో వరుసలో భద్రంగా ఉంది.

ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. అయినా డిలీట్ నొక్కింది నా వేలే... వాళ్లిద్దరి మీద ఎంత విసుక్కున్నా ఆ సంగతి మారదు.

ప్రోగ్రామ్ రోజు హైస్కూల్ ఆడిటోరియంలో స్టేజీ మీద దాన్ని కట్టారు. నేను మూడో వరుసలో కూర్చున్నాను. ఒక్క పేరూ చదవడానికి వస్తే ఒట్టు! ముందుకు వాలిన నల్ల గీతలు, అంతే. నాటిక మాత్రం అదిరిపోయింది. అంకుల్ మైకులో పిల్లల్నీ, "మన సెక్రటరీ గారి మిసెస్‌"నీ తెగ మెచ్చుకున్నారు. అమ్మ బ్యానర్ దగ్గరికి వెళ్లి పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. తర్వాత వచ్చి పిల్లల నగలు డబ్బాలో సర్దుకుంది. నన్ను రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

ఎండలు ముదిరాక ఒకరోజు ఆ బ్యానర్ తెచ్చి బ్యాక్‌యార్డ్‌లో పరిచింది. పేర్లన్నీ గడ్డిలోకి, తెల్లటి వెనకవైపు పైకి. దాని మీద వరసగా సగ్గుబియ్యం వడియాలు పెట్టింది.

"ఇప్పటికి పనికొచ్చింది," అంది. నేను నవ్వాను. తను నవ్వలేదు.

ఇప్పుడు ఫోన్‌లోనే నిమిషంలో బ్యానర్లు తయారవుతున్నాయి... ఎన్ని పేర్లంటే అన్ని. ఆ ఫాంట్ మాత్రం నా లాప్‌టాప్‌లో ఇంకా ఉంది. మొన్న అందులో ఒకే ఒక్క పేరు, కాగితం నిండా పెద్దగా ప్రింట్ తీసి ఫొటో పంపితే, "ఇప్పుడెందుకే ఇవన్నీ," అంది అమ్మ.

మీ ఇళ్లల్లోనూ అలా చోటు చాలక తీసేసిన మనిషి ఒకరు ఉండే ఉంటారు. కింద కామెంట్లలో రాయండి... ఫలానా వారి మిసెస్ అని కాదు, పేరు రాయండి. ఇక్కడ చోటుకేం కరువు లేదు.

మా అమ్మ పేరు రాజ్యలక్ష్మి.