మనోళ్ళకు సగం ధర

మానుకోట తహసీలు ఆఫీసు ఎదురుగా ఆరు రేకుల షెడ్లు ఉన్నాయి. ఐదోది నా జిరాక్సు షాపు. ఆరోది బానోతు బలరాం టైపింగు షాపు. రెండింటికీ మధ్య అడ్డంగా ఉన్నది ఒక్క ప్లైవుడ్ చెక్క. అతను ఆ రోజు ఎవరిని తిట్టుకుంటున్నాడో తెలుసుకోవడానికి నేను కష్టపడాల్సిన పని ఎప్పుడూ రాలేదు.

బలరాంది కేసముద్రం అవతలి తండా. ఇంట్లో లంబాడీ మాట, బడిలో తెలుగు. బడిలో అతని తెలుగు విని మా ఊరి పిల్లలు నవ్వారు. టైపు నేర్చుకోవడానికి వరంగల్ పోతే, మా ఊళ్ళో నేర్చుకున్న తెలుగు విని అక్కడి ఆంధ్రా సారు నవ్వాడు. రెండుసార్లు నవ్వించుకున్న మనిషి మూడోసారి నోరు తెరిచే ముందు ఎదుటివాడిని ఎగాదిగా చూస్తాడు. బలరాం అలాగే తయారయ్యాడు. టైపులో ఒక్క అక్షరం తప్పు పోనిచ్చేవాడు కాదు. మనిషిని మాత్రం ఒక్కడిని కూడా నమ్మేవాడు కాదు. చాయ్ పిలగాడు గ్లాసు పెట్టి వెళ్ళేదాకా కంప్యూటరు తెర మీద తువ్వాలు కప్పేవాడు. ఒకసారి మా ఇంటావిడ సుజాత చింతచిగురు పప్పు పంపిస్తే, డబ్బా మూత తీయకుండానే "ఎందుకు పంపింది?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండి ఆ డబ్బా వెనక్కి తెచ్చుకుని నేనే తిన్నాను.

రెండు వేల పదకొండు వానాకాలంలో అతనికి ఒక పెద్ద పని పడింది. తండాలో ముప్పై ఒక్క ఇండ్లవాళ్ళు అడవి అంచున పోడు చేసుకుని బతుకుతున్నారు. అడవి హక్కుల కొత్త చట్టం కింద పట్టాలకు దరఖాస్తు పెట్టుకోవాలి. కాగితం ముక్క ఒక్కరి దగ్గరా లేదు. అయితే తండా పెద్దమనిషి నోటి మాటను రాసి వేలిముద్ర వేయిస్తే అది కూడా ఆధారమేనని చట్టంలో ఉంది. ఆ నోటి మాట భోజ్యాది. ఎనభై దాటిన మనిషి. ఏ భూమి చెక్కను ఎవరి తాత ఏ కరువు ఏడాది నరికి చదును చేశాడో, ఏ గుట్టరాయి ఎవరి హద్దో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

నాలుగు రోజులు బలరాం ఆయన్ను బండి మీద ఎక్కించుకొచ్చాడు. భోజ్యా లంబాడీలో చెప్పడం, బలరాం తెలుగులో కొట్టడం. అయిపోయిన రోజు నేను అన్నాను: "అచ్చు తీసి వేలిముద్ర ఏపియ్యరాదు బలరాం, అయిపోతది."

"ఆఫీసుల ఇచ్చే దినమే తీస్త సమ్మన్న. కాగితం ముందే బయటికెల్తే ఎవడో ఒకడు హద్దు మారుస్తడు."

"పోనీ ఇంకో దగ్గర కాపీ పెట్టుకో."

"ఇంకో దగ్గర పెడితే ఇంకొకడు చూస్తడు."

ముప్పై ఒక్క ఇండ్ల భూమి ఆ ఒక్క కంప్యూటరులో ఒక్క ఫైలుగా కూర్చుంది.

సరిగ్గా అప్పుడే అతని యాంటీవైరస్ గడువు తీరింది. ఊళ్ళో అది అమ్మేది స్టేషన్ రోడ్డులోని బెజవాడ సారు. ఆయన మానుకోటకు వచ్చి ముప్పై ఏళ్ళయింది, పిల్లలు ఇక్కడే పుట్టారు, అయినా ఆయన నోట్లోంచి 'అండీ' పోలేదు, ఊరి నోట్లోంచి 'బెజవాడ సారు' అన్న పేరూ పోలేదు. ఆయన కంపెనీ డబ్బా చూపించి ధర చెప్పాడు. బలరాం తిరిగొచ్చి నా ముందు భగ్గుమన్నాడు. "అట్ట డబ్బాకే సగం గుంజుతుండు. మనమంటే గింత అలుసు."

ఆ మధ్యాహ్నమే ఇంటర్నెట్టులో ఎక్కడో వెతికి పట్టుకున్నాడు. డబ్బా లేదు, బిల్లు లేదు, కోడు మెయిలుకు వస్తుంది, ధర సగం. కింద ఫోన్ నంబరు. స్పీకరు పెట్టి మరీ చేశాడు, నేను కూడా వినాలని.

"అన్నా, నమస్తే! ఏ ఊరన్నా మనది? మానుకోటనా? అరె, మా మేనత్తగారి ఊరన్నా! పరేషాన్ గాకు, మనోళ్ళకు సగం ధరే. జై తెలంగాణ అన్నా!"

బలరాం ముఖం విప్పారింది. ఆ ఏడాది వీధుల్లో, మైకుల్లో, సభల్లో మా మాట మొదటిసారి తల ఎత్తుకుని తిరుగుతోంది. దాన్ని ఫోన్లో అంత ప్రేమగా వింటే ఎవరికైనా కడుపు నిండుతుంది. నాకూ నిండింది, దాచడమెందుకు? కానీ సుజాత పప్పును అనుమానించిన మనిషి, పేరేమిటని కూడా అడగకుండా బ్యాంకుకు పోయి డబ్బు కట్టి వచ్చాడు. కోడు వచ్చింది. తెర మూలన పచ్చ గుర్తు వెలిగింది.

రెండు రోజుల తర్వాత బెజవాడ సారు జిరాక్సు కోసం వచ్చి ఆ సంగతి విన్నాడు. "బిల్లు ఇవ్వలేదా బలరాం గారూ? అవి ఎక్కడివో ఎవరికి తెలుసండీ. ఒకే కోడును వందల మందికి అమ్ముతారు. దొంగిలించిన కార్డులతో కొన్నవీ ఉంటాయి. కంపెనీకి తెలిసిన రోజున ఆపేస్తుంది. కాపలా లేదని మీకు తెలిసేలోపే కొంప మునుగుతుంది."

ఆయన గడప దాటాడో లేదో, "సరుకు పోతలేదని కడుపుమంట" అన్నాడు బలరాం.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. తహసీలు ఆఫీసుకు తాళం పడింది. మేమంతా రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుని తిన్నాం. భూపాలపల్లి గనుల్లో బొగ్గు ఆగింది, కరెంటు ఉన్నప్పుడే పని. బలరాం సంఘాల కరపత్రాలన్నీ పైసా తీసుకోకుండా కొట్టి ఇచ్చాడు. ఆ రోజుల్లోనే భోజ్యాకు పక్షవాతం వచ్చిందని కబురొచ్చింది. వరంగల్ దవాఖానలో వేశారట. బలరాం గుండె మీద చెయ్యి వేసుకుని, "భోజ్యా కాక మాట నా దగ్గర భద్రంగ ఉన్నది" అన్నాడు.

ఒకరోజు అతని తెర మూలన పచ్చ గుర్తు ఎర్రగా మారి ఉంది. నేను చూపించాను.

"మల్ల కొనిపియ్యాలని కంపెనోడు ఆడే నాటకం. నాకు తెల్వదా?" అన్నాడు.

వారం గడిచింది. కరపత్రం అచ్చుకని ఎవరో ఒక పెన్‌డ్రైవు తెచ్చారు. బలరాం పెట్టాడు, తీశాడు. మరుసటి రోజు పొద్దున షాపు తెరిచేసరికి కంప్యూటరులో ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. తెరుచుకున్నవాటిలో అక్షరాలకు బదులు చుక్కలు, డబ్బాలు. భోజ్యా నాలుగు రోజుల మాట చుక్కలూ డబ్బాలూ అయిపోయింది. బలరాం కుర్చీలో కూలబడ్డాడు.

సాయంత్రానికి దొంగ దొరికాడు. "బెజవాడాయిననే పంపిండు వైరస్సు. ఆయిన కాడ కొనలేదని." ఒకరికి చెప్పాడు, ఇద్దరికి చెప్పాడు. నేను కాదనలేదు. "ఏమో, అయితే అయితది" అన్నాను. ఆ రోజుల్లో ఆ మాట నమ్మడానికి ఎవరికీ సాక్ష్యం అక్కర్లేదు. అది తెలిసీ అలా అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

తండా నుంచి తావుర్యా పదిమందిని వెంటేసుకుని దిగాడు. పోడు మధ్యలో పారే వాగుకు అవతలి మొదటి చెక్క అతని నాయినది. అందరం కలిసి స్టేషన్ రోడ్డుకు పోయాం. బెజవాడ సారు మమ్మల్ని చూసి తెల్లబోయాడు. అయినా కుర్చీలు వేయించి, సంగతి విని, బలరాం దగ్గర కోడు తీసుకుని కంపెనీకి ఫోన్ చేశాడు. అవతలి అమ్మాయి చూసి చెప్పింది: అది ఒక్క కంప్యూటరుకు ఇచ్చిన కోడు, నాలుగు వందలకు పైగా కంప్యూటర్లలో వాడారు, అందుకే ఆపేశాం.

"మీకు అమ్మిందెవరండీ?" అన్నాడు సారు.

బలరాం గోడ క్యాలెండరు మీద రాసుకున్న నంబరును ఆ రోజే నేనూ నా ఫోన్లో ఎక్కించుకున్నాను. నేనే ఇచ్చాను. సారు తన ఫోన్ నుంచి కలిపి, స్పీకరు పెట్టి, తెనాలి నుంచి మాట్లాడుతున్నానని అబద్ధమాడాడు.

"చెప్పండి గురువుగారూ! తెనాలా? మా మేనత్తగారి ఊరేనండీ! మీరేం కంగారు పడకండి, మనవాళ్ళకి సగం రేటే. జై సమైక్యాంధ్ర!"

అదే గొంతు. నాకూ బలరాంకూ తప్ప అక్కడ ఎవరికీ తెలియదు. నేను బలరాం వైపు చూశాను. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

తావుర్యాకు ఓపిక అయిపోయింది. "గీ ఫోన్లు నాకెందుకు? బలరామన్న, ఒక్క మాట చెప్పు. నీ మిషన్ ఖరాబు చేసింది గీ సారేనా, కాదా?"

బలరాం తల ఊపితే చాలు, ఆ షాపులో ఒక్క అద్దం మిగిలేది కాదు. బలరాం పరువు మాత్రం మిగిలేది. సారు నుదుటి మీది చెమట తుడుచుకోవడం మరిచిపోయి నిలబడ్డాడు.

"సారు కాదు" అన్నాడు బలరాం. "సారు వద్దన్నడు. ఫోన్ల వాడు మన లెక్క మాట్లాడిండని నేనే కొన్న. సారు మీద చెప్పింది అబద్ధం."

అతని గురించి నాకు తెలిసిన అన్ని సంగతుల్లో గొప్పది ఇదే. పక్కన ఉండి నేను చూశాను.

బెజవాడ సారు ఆ కంప్యూటరు ముందు రెండు రోజులు కూర్చున్నాడు. కొన్ని పెళ్ళి కార్డుల ఫైళ్ళు వెనక్కి వచ్చాయి. భోజ్యా మాట రాలేదు.

సమ్మె ముగిశాక బలరాం, నేను తండాకు పోయాం. భోజ్యా గుడిసె ముందు మంచంలో ఉన్నాడు. మూతి ఒక పక్కకు పోయింది. బలరాం ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని జరిగింది చెప్పాడు. ముసలాయన కోప్పడలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి బలరాం కాగితం మీద రాసుకుంటూ, ప్రతి పేరూ పైకి చదువుతూ పోయాడు. వాగు ఇవతలి పంతొమ్మిది ఇండ్లు వచ్చాయి. వాగు దగ్గర భోజ్యా ఆగిపోయాడు. ఎదురుగా కూర్చున్న తావుర్యాను చాలాసేపు చూసి, ఈ పిల్లగాడు ఎవరి కొడుకని లంబాడీలో అడిగాడు.

తావుర్యా ఏడ్చాడు. ఏడుస్తూనే బలరాం వైపు తిరిగాడు. "నువ్వు కొట్టినవు గదా. నీకు యాదికుంటది. నువ్వే రాయి."

"మీ నాయిన హద్దు మద్దిచెట్టు కాడికెళ్ళి..."

"కాక శాన సార్లు మారేడు చెట్టని చెప్తుండె. మద్దిచెట్టంటవేంది?" తావుర్యా కళ్ళు తుడుచుకున్నాడు. "నీకు నిజంగ యాదికున్నదా, నోటికొచ్చింది చెప్తున్నవా?"

బలరాం కలం జేబులో పెట్టుకున్నాడు.

పంతొమ్మిది ఇండ్లకు పట్టాలు వచ్చాయి. పన్నెండు దరఖాస్తులు ఆధారం లేదని తిరిగొచ్చాయి. ఆ తర్వాత తెలంగాణ కూడా వచ్చింది. మేం వీధంతా రంగులు చల్లుకున్నాం. బలరామూ చల్లుకున్నాడు, తావుర్యా ఉన్న వైపుకు మాత్రం రాలేదు.

వాగు అవతలివాళ్ళ అర్జీలు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి. అవన్నీ బలరామే ఊరికే టైపు చేస్తాడు. అంత తప్పుల్లేకుండా కొట్టేవాడు మానుకోటలో ఇంకొకడు లేడు కాబట్టి తావుర్యా కూడా అతని దగ్గరికే వస్తాడు. అచ్చు తీసిన కాగితం అందుకుంటాడు, దండం పెడతాడు, బయటికి వస్తాడు. వేలిముద్ర మాత్రం అక్కడ వేయడు. కాగితం పట్టుకుని నా షాపులోకి వచ్చి, "సమ్మన్న, జర చదువు. ఏం రాసిండో చూడు" అంటాడు.

నేను పైకి చదువుతాను. గొంతు తగ్గించి చదివితే తావుర్యా ఊరుకోడు, గట్టిగా చదవాలి. చదవడం అయిపోయేదాకా ప్లైవుడ్ చెక్కకు అటువైపు బలరాం మీటలు కొట్టడు.