మా అయ్యవారికి ఇంగ్లీషు దిద్దిన ఏడాది

అరవైల మొదట్లో నెల్లూరులో బి.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. శనివారం మధ్యాహ్నాలు కాలేజీ లైబ్రరీ పక్కగదిలో మేం నలుగురైదుగురం కూర్చుని పి.యు.సి. విద్యార్థులకు ఇంగ్లీషు వ్యాసాలు రాయడంలో సాయం చేసేవాళ్లం. నేను అప్పటికే రెండేళ్లుగా చేస్తున్నానని, కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పడం, ఎవరిని ఎవరి దగ్గర కూర్చోబెట్టాలో చూడటం మా లెక్చరరు గారు నాకు అప్పగించారు. రాసేవాళ్ల చేతిలో కలం మనం తీసుకోకూడదు, తప్పు వాళ్లచేతే పట్టించాలి అన్నది ఆయన పెట్టిన నియమం.

దసరా సెలవుల తర్వాత ఒక శనివారం గుమ్మంలో మా అయ్యవారు కనిపించారు. బోగోలు దగ్గర మా ఊరి మిషన్ బడిలో నాకు ఇంగ్లీషు అక్షరాలు దిద్దించింది ఆయనే. యాభైకి దగ్గరపడిన మనిషి. ప్రైవేటుగా మెట్రిక్ పరీక్షకు కడుతున్నారట. అది పాసైతే తప్ప ఇక ఇంగ్లీషు చెప్పనివ్వమని బడివాళ్లు అన్నారట. లెక్చరరు గారిని అడిగితే, వచ్చి కూర్చోమన్నారట.

నాకు మొహం చెల్లక, ఆయన్ను కొత్తగా చేరిన ఒక జూనియర్ దగ్గర కూర్చోబెట్టాను. పది నిమిషాల్లో అతను కాగితమంతా ఎర్ర పెన్సిలుతో కొట్టేశాడు. అయ్యవారు చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ గీతల్నే చూస్తున్నారు. తప్పు నాదే. వెళ్లి ఆ కుర్చీలో నేను కూర్చున్నాను.

"నువ్వే చెప్పు నాయనా. ఇందులో సిగ్గేముండాది," అన్నారాయన.

ఆయన రాసింది 'డిడ్ నాట్ వెంట్' అని. ఎందుకలా రాశారని అడిగాను.

"నిన్న జరిగిపోయిన సంగతి గదా. 'వెంట్' అనే రావాల."

"'డిడ్'లోనే నిన్నటి సంగతి వచ్చేసింది అయ్యోరా. మళ్లా చెప్పే పన్లేదు. 'గో' చాలు."

ఆయన 'వెంట్' కొట్టేసి 'గో' అని రాసుకున్నారు. తర్వాత, "నీకు గూడా నేనట్నే చెప్పినానా?" అన్నారు.

అబద్ధం నోటిదాకా వచ్చింది. కాలేజీలో చేరిన కొత్తలో ఆ తప్పుకే నన్ను క్లాసులో నిలబెట్టారు.

"చెప్పినారు అయ్యోరా."

"ఎంతమందికి చెప్పినానో," అని మాత్రం అన్నారు.

ఆ తర్వాత ప్రతి శనివారం పాసింజరు బండిలో వచ్చేవారు. నిదానంగా చదివిస్తే తన తప్పులన్నీ తానే పట్టేవారు. గడియారం చూసి వ్యాసం రాయమంటే మాత్రం ఆ చెయ్యి పాత దారినే పోయేది. నాకు తెలిసిన పద్ధతులన్నీ అయిపోయాయి. ఒకరోజు ఉండబట్టలేక ఆయన కలం అందుకుని వాక్యం నేనే దిద్దేశాను.

"పరీక్షకు నువ్వు రావు గదా నాయనా," అని కలం వెనక్కి తీసుకున్నారు.

నా వల్ల కావడం లేదని లెక్చరరు గారితో చెప్పాను. "నా వల్ల కూడా కాదు. అయినా కూర్చో," అన్నారు.

వేసవిలో ఫలితాలొచ్చాయి. అయ్యవారు మిగతావన్నీ పాసయ్యారు, ఇంగ్లీషు పోయింది. ఊరెళ్లి ఆయన ఇంటి అరుగు మీద కూర్చున్నాను.

"నువ్వు బాగానే చెప్పినావు. నా చెయ్యే వినలా," అన్నారు. జూన్ నుంచి తనకు ఒకటో తరగతి ఇస్తున్నారని చెప్పారు. "అ ఆలు దిద్దించేదానికి ఇబ్బంది లేదులే."

అయ్యవారి భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చారు. తాగాను.

నేను ఊరెళ్లేముందే నా బి.ఏ. ఫలితాలూ వచ్చాయి. ఇంగ్లీషులో మంచి మార్కులు వచ్చాయని ఆయనకు చెప్పకుండానే లేచి వచ్చేశాను. ఊళ్లో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.